బుద్ధ పూర్ణిమ భోజనాలు, ధ్యాన బృందానికి కొత్త చోటు: వాలంటీర్ల పనులు ఇక్కడే తేల్చుకుందాం

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. బుద్ధ పూర్ణిమ తర్వాతి ఆదివారం మన సంఘం భోజనాలు పెడుతోంది కదా, ఈసారి వచ్చే విరాళాలన్నీ ఆదివారం ధ్యాన బృందానికే. వాళ్లు కూర్చుంటున్న బడి హాలు వేసవి సెలవుల తర్వాత ఇక దొరకదు. మనవాళ్లు ఎంతోమంది వారం వారం అక్కడికి వెళ్తారు. వాళ్లు రోడ్డున పడకుండా చూడటం మన బాధ్యత అనే నేను అనుకుంటున్నాను.

పనులు పంచుకునే ముందు పోస్టర్ సంగతి. "ధ్యాన మందిరం కడదాం" అని పెద్ద అక్షరాలతో వేయాలని కొందరు అంటున్నారు. నాకది వద్దనిపిస్తోంది. లండన్‌లో, దాని చుట్టుపక్కల బౌద్ధులకు చోటు ఎలా దొరికిందో చూడండి. బెత్నల్ గ్రీన్‌లో ఉన్న లండన్ బుద్ధిస్ట్ సెంటర్ ఒకప్పుడు ఫైర్ స్టేషన్. పాడుపడిన ఆ భవనాన్ని సభ్యులే బాగుచేసుకుని 1978లో తెరిచారు. కెన్నింగ్టన్‌లోని జమ్యాంగ్ సెంటర్ పాత కోర్టు. హెర్ట్‌ఫోర్డ్‌షైర్‌లోని అమరావతి ఆశ్రమం 1984లో ఒక పాత బడి తాలూకు చెక్క భవనాల్లో మొదలైంది. శ్రీలంక బౌద్ధ ప్రచారకుడు అనగారిక ధర్మపాల 1926లో ఈలింగ్‌లో పెట్టిన లండన్ బుద్ధ విహారమైతే ఒకచోట కుదురుగా ఉన్నదే లేదు. ఇళ్లు మారింది, రెండో ప్రపంచ యుద్ధంలో మూతబడింది, 1955లో మళ్లీ తెరుచుకుంది, 1994కి గానీ చిజిక్‌లో ఇప్పుడున్న భవనానికి చేరలేదు. ఇవన్నీ చూశాక, ఇప్పుడే "కడదాం" అని మాటిచ్చి జనంలో లేనిపోని ఆశ పెంచడం నాకు ఇష్టం లేదు. "ధ్యాన బృందానికి స్థిరమైన చోటు కోసం" అని వేద్దాం. కొనాలా, లీజుకు తీసుకోవాలా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.

ధ్యాన బృందం తరఫున:
చాలా థ్యాంక్స్ అన్నా. మా ఆలోచన కూడా అదే. ముందు పదేళ్ల లీజు దొరికితే చాలు. పెద్ద భవనం అక్కర్లేదు. నలభై మంది నేల మీద కూర్చునేంత గది, చెప్పులు విప్పుకోవడానికి కాస్త స్థలం, దిండ్లు పెట్టుకునే అల్మరా, మెట్లెక్కలేనివాళ్లు రాగలిగే దారి ఉండాలి. బస్సు స్టాపు దగ్గరుండాలి, మాలో పెద్దవాళ్లలో చాలామందికి కారు లేదు.

అన్నిటికన్నా ముందు నిశ్శబ్దం. మొన్న ఒక ఆఫీసు పై అంతస్తు చూశాం. అద్దె తక్కువ, గది వెడల్పు, వెలుతురు బాగుంది. సరే అని అక్కడే కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాం. రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దం గడగడలాడుతోంది. చలి అయితే నేలలోంచే వస్తోంది. వద్దనుకుని వచ్చేశాం. ఇకపై ఏ చోటు చూసినా, ఆదివారం పొద్దున మనం ధ్యానం చేసే వేళకే వెళ్లి, అరగంట కూర్చుని చూశాకే మాట్లాడదాం అనుకున్నాం.

ఇంకో సంగతి. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఏ భవనాన్ని దేనికి వాడొచ్చో తరగతులుంటాయి. ఆఫీసులు, దుకాణాలు క్లాస్ ఈ కిందికి వస్తాయి. ప్రార్థనా స్థలాలు ఎఫ్1. అలా మార్చాలంటే మామూలుగా కౌన్సిల్ నుంచి ప్లానింగ్ పర్మిషన్ తీసుకోవాలి. పర్మిషన్ వస్తేనే లీజు అమల్లోకి వచ్చేలా ఒప్పందం రాయించుకోవాలి. ముందే సంతకం పెట్టేసి తర్వాత పర్మిషన్ రాకపోతే, వాడుకోలేని గదికి అద్దె కడుతూ కూర్చోవాలి. 2000కి ముందు కట్టిన భవనమైతే ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ సర్వే రిపోర్టు కూడా అడుగుతాం. మన సంఘంలో సర్వేయర్లు గానీ, ప్రాపర్టీ లాయర్లు గానీ ఉంటే ఒక సాయంత్రం మాకు ఇవ్వండి. ఇప్పుడు డబ్బుకన్నా అదే పెద్ద సాయం.

ట్రెజరర్:
మూడు విషయాలు, దయచేసి అందరూ చదవండి.

భోజనానికి టికెట్ పెట్టొద్దు. టికెట్ కొంటే అది భోజనం ఖరీదు అవుతుంది, విరాళం కాదు, గిఫ్ట్ ఎయిడ్ (విరాళానికి ప్రభుత్వం కలిపే పన్ను మొత్తం) రాదు. బృందం రిజిస్టర్డ్ ఛారిటీ కాబట్టి, పన్ను కట్టేవాళ్లు ఫారం నింపి ఇచ్చే ప్రతి పౌండుకు మరో 25 పెన్నీలు వాళ్లకు అందుతాయి. భోజనం అందరికీ ఉచితం, ఇవ్వాలనుకున్నవాళ్లు ఇస్తారు. దానం అంటే అలాగే ఉండాలి కూడా. ఫారాలు నింపించడానికి గుమ్మం దగ్గర ఇద్దరు కావాలి. పేరు, ఇంటి అడ్రసు సరిగ్గా రాయించండి. 30 పౌండ్ల లోపు నగదుకు ఫారం లేకుండానే చిన్న విరాళాల పథకం కింద బృందంవాళ్లు ప్రభుత్వాన్ని ఆ అదనపు మొత్తం అడగొచ్చు, కాబట్టి హుండీ విడిగా పెడదాం.

రెండోది, డబ్బు మన సంఘం అకౌంట్‌లోకి రాకూడదు. కార్డు మెషీన్ బృందానిదే వాడదాం.

మూడోది చాలా ముఖ్యం. ఒక పని కోసం అని అడిగి తీసుకున్న డబ్బు ఆ పనికే వాడాలి. మరి అనుకున్నంత రాకపోతే, లేదా చోటు కుదరకపోతే? ఆ మాట ముందే పోస్టర్ మీద, ఫారం మీద ఉండాలి. "ఈ మొత్తంతో స్థిరమైన చోటు కుదరకపోతే, బృందం హాలు అద్దెకు, ఇతర ధ్యాన కార్యక్రమాలకు వాడతారు" అని ఒక్క వాక్యం. ఇది లేకపోతే రేపు ప్రతి దాతనూ వెతికి అడగాల్సిన పరిస్థితి రావచ్చు.

వంటల బృందం:
పులిహోర, దద్దోజనం, కూటు, వంకాయ కూర, పాయసం. అంతా శాకాహారమే. గారెలు అడుగుతున్నారు గానీ ఆ హాలు కిచెన్‌లో డీప్ ఫ్రై చేయనివ్వరమ్మా, ఇంట్లో వేసి తెస్తే చల్లారిపోతాయి. వదిలేద్దాం.

అలర్జీ చీటీలు నేను రాస్తాను. మనం తేలిగ్గా తీసుకుంటాం గానీ, ఒక్క పులిహోరలోనే ఆవాలు, వేరుశెనగ, నువ్వుల పొడి ఉన్నాయి. మూడూ ఇక్కడి 14 అలర్జీ పదార్థాల జాబితాలో ఉన్నవే. ఇంగువ డబ్బా వెనక చదవండి, చాలా కంపెనీలు గోధుమ పిండి కలుపుతాయి. గోధుమ పడనివాళ్ల కోసం ఇంగువ లేకుండా విడిగా ఒక గిన్నె చేస్తాను. ఎవరింట్లో వండినా ఏం వేశారో రాసి పంపండి.

భిక్షువులు వస్తున్నారా? వస్తే వడ్డన వేళ మారుతుంది.

కోఆర్డినేటర్:
వస్తున్నారు పిన్నీ. మధ్యాహ్నం దాటాక వాళ్లు భోంచేయరు. పదిన్నరకు త్రిశరణం, పంచశీల, కాసేపు ధ్యానం, పదకొండుంబావుకి వాళ్లకు భోజన దానం. వాళ్లు మొదలుపెట్టాకే మన పంక్తి. డబ్బు కవర్లు వాళ్ల చేతికి ఇవ్వొద్దని అందరికీ చెప్పండి, ఇవ్వాల్సింది హుండీలోనే. స్వాగత ప్రసంగం ఒక్కటే, అదీ రెండు నిమిషాలు. అధ్యక్షులవారితో మాట్లాడాను, సరేనన్నారు.

పిల్లల కార్యక్రమం:
బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్నాయని చాలామంది పిల్లలకు తెలియదు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించినవి, 1859లో లండన్ చేరినవి. భోజనాలకు ముందు శనివారం తీసుకెళ్తాను, ప్రవేశం ఉచితమే. అక్కడ రెండు వైపులా చెక్కిన పలక ఒకటి ఉంది. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, బుద్ధుడి రూపం లేదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, రెండో వైపు స్తూపం మొత్తాన్ని చెక్కారు. పిల్లలు ఆ స్తూపం బొమ్మ గీసి తెస్తారు, హాల్లో గోడకు పెడదాం. ప్రతి పదిమందికి ఇద్దరు తల్లిదండ్రులు తోడుండాలి. పేర్లు ఇవ్వండి.

కోఆర్డినేటర్:
చాలా బాగుందక్కా, ఆ గోడ మీకే. ఇంకా మిగిలినవి: గుమ్మం దగ్గర ఇద్దరు, గిన్నెలు కడగడానికి నలుగురు, పొద్దున ఎనిమిదికి దిండ్లు తెచ్చే వ్యాన్. శుక్రవారం రాత్రిలోగా పేర్లు వేయండి.

ఒక సభ్యుడు:
వ్యాన్ నాది ఉంది అన్నా. తిరుగు ప్రయాణంలో దిండ్లు ఎక్కడ దించాలో మాత్రం చెప్పండి, బడి హాల్లో ఆదివారం సాయంత్రం తాళం వేసేస్తారు.

ధ్యాన బృందం తరఫున:
మా గ్యారేజీలో దించండి తమ్ముడూ. కొత్త చోటు దొరికేదాకా అక్కడే ఉంటాయి. అడ్రసు విడిగా పంపుతాను.