బియాన్సే ‘కౌబాయ్ కార్టర్’: మంచి ఆల్బమేనా, మంచి ఉద్దేశం మాత్రమేనా?

పాతపాటల పిచ్చి:
2024 మార్చిలో వచ్చినప్పటి నుంచి చాలాసార్లు విన్నాను. ఇది కంట్రీ (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం) అవునా కాదా అన్న గొడవ నాకొద్దు. ‘ఇది కంట్రీ ఆల్బమ్ కాదు, బియాన్సే ఆల్బమ్’ అని ఆవిడే ముందు చెప్పేసింది. నా బాధ వేరు. 27 ట్రాకులు, దాదాపు 78 నిమిషాలు. ‘16 క్యారేజెస్’ విన్నప్పుడు గుండె బరువెక్కింది. చిన్న వయసులోనే ఇల్లు వదిలి పనిలో పడ్డ పిల్ల గొంతు అది. ‘డెజర్ట్ ఈగిల్’, ‘టైరంట్’ దగ్గరికొచ్చేసరికి ఆ పిల్ల ఎటో వెళ్లిపోయింది. ఒక ఎనిమిది ట్రాకులు తీసేసి ఉంటే ఎంత బాగుండేదో!

ఇక ‘జోలీన్’. 1973లో కంట్రీ గాయని డాలీ పార్టన్ పాడిన పాటలో ఒక భార్య జోలీన్ అనే ఆవిడను బతిమాలుకుంటుంది. నా మనిషిని తీసుకెళ్లకు, నీ అందం ముందు నేను నిలవలేను అంటుంది. ఆ నిస్సహాయతే పాటకు ప్రాణం. బియాన్సే ఈ ఆల్బమ్‌లో దాన్ని హెచ్చరికగా మార్చి పాడింది. భయం లేని చోట ఆ పాటలో ఇంకేం మిగులుతుంది?

హ్యూస్టన్ వాసి:
జోలీన్ విషయంలో ఒప్పుకోనండీ. డాలీ పాటను డాలీలాగే పాడితే కొత్తగా పాడటం ఎందుకు? భర్త మోసాన్ని ‘లెమనేడ్’ ఆల్బమ్‌లో లోకం ముందు పెట్టిన మనిషి ఈవిడ. ఆ తర్వాత కూడా బతిమాలితే ఎవరు నమ్ముతారు?

ఇంకో మాట. నేనుండే ఊళ్లోనే ఆవిడ పుట్టింది. ఇక్కడ ప్రతి వసంతం రోడియో (గుర్రాల, పశువుల పోటీల సంబరం) జరుగుతుంది, టోపీలు పెట్టుకుని గుర్రాలెక్కే నల్లజాతి కుటుంబాలను నా కళ్లతో చూస్తాను. టెక్సాస్‌లో పశువులు తోలిన నల్ల కౌబాయ్‌లు పాతకాలంలోనూ ఉన్నారు. కంట్రీ పాటల్లో వినిపించే తీగవాద్యం బాంజో మూలాలు కూడా ఆఫ్రికావి. ఈ ఆల్బమ్‌లోని ‘టెక్సాస్ హోల్డ్ ఎమ్’లో ఆ బాంజో వాయించింది రియానన్ గిడెన్స్. ఇన్నేళ్లుగా ఆ వాద్యం చరిత్రను జనానికి చెబుతున్న మనిషి ఆవిడ. ఆ పాటతోనే బిల్‌బోర్డ్ కంట్రీ పాటల చార్టులో ఒక నల్లజాతి మహిళ మొదటిసారి మొదటి స్థానానికి వచ్చింది. అదీ 2024లో!

గిటార్ తమ్ముడు:
అక్కా, చరిత్ర నిజమే. కానీ చరిత్ర గొప్పదైతే పాట గొప్పదైపోదు కదా. 2025లో గ్రామీలో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్, బెస్ట్ కంట్రీ ఆల్బమ్ రెండూ ఇచ్చారు. అంతకుముందు 2024లో సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) అవార్డుల వాళ్లు ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు. ర్యాప్ నుంచి వచ్చిన పోస్ట్ మలోన్‌కు అదే ఏడాది ఇచ్చారు. అది అన్యాయం, నాకూ కోపం వచ్చింది. కానీ ఆ కోపంతో ఆల్బమ్‌కు మార్కులు వేయకూడదు. వాయిద్యాల పరంగా నాకు నచ్చింది ‘యా యా’. అరవైల రాక్ ఊపు అది. ‘టూ మోస్ట్ వాంటెడ్’లో మైలీ సైరస్ గరుకు గొంతు పక్కన ఈవిడ గొంతు భలే కుదిరింది.

వీణతీగ:
లిండా మార్టెల్ గురించి ఎవరూ మాట్లాడరేం? కంట్రీ సంగీతానికి పేరుపడ్డ గ్రాండ్ ఓలే ఆప్రీ వేదిక మీద పాడిన తొలి నల్లజాతి మహిళా సోలో గాయని. 1970లో ఒక కంట్రీ ఆల్బమ్ చేసింది, మళ్లీ ఇంకోటి రాలేదు. ఈ ఆల్బమ్‌లో ఆవిడ మాటలున్నాయి, ఒక ట్రాక్‌కు ఆవిడ పేరే పెట్టారు. కానీ పాట లేదు. వయసు ఎనభై దాటింది, తెలుసు. అయినా రెండు వాక్యాలు పాడించి ఉంటే? నాకు ఇందులో అన్నిటికన్నా పెద్ద లోటు అదే.

పాతపాటల పిచ్చి:
వీణతీగ గారూ, ఇది నాకు తట్టనే లేదు. మీ మాట చదివాక ఆవిడ 1970 ఆల్బమ్ పెట్టుకుని విన్నాను. గొంతులో ఎంత హాయి ఉందో! ఆవిడను వెతికి వినేలా చేసింది మాత్రం బియాన్సేనే, అది కాదనలేను. జోలీన్ మీద మాట మార్చుకోను. హ్యూస్టన్ అక్క చెప్పింది అర్థమైంది కానీ, ఆ కోపానికి కొత్త పాట రాసుకోవాల్సింది. నిజానికి రాసుకుంది కూడా. జోలీన్ తర్వాత వచ్చే ‘డాటర్’ వినండి. పాత ఇటాలియన్ పాట ‘కారో మియో బెన్’ మధ్యలో ఎత్తుకుంటుంది, ఆ నెమ్మదిలో ఉన్న కోపం ముందు పాటలో ఎక్కడా లేదు.