కాన్పు కష్టానికి కారణం ఎముకలేనా?

రాజోలు కోడలు:
నాకు ఏడో నెల. "మనిషి రెండు కాళ్ల మీద నిలబడ్డాక కటి (నడుము కింది ఎముకల గూడు) ఇరుకైంది, బిడ్డ తల పెద్దదైంది, ఇక ఆపరేషన్ తప్పదు" అని మా బావగారు బల్లగుద్ది చెబుతున్నారు. మా అమ్మమ్మేమో ఆరుగురినీ లంకలో ఇంట్లోనే కన్నది. ఏది నిజమండీ? టెన్షన్‌గా ఉంది.

భీమవరం:
మీ బావగారిది ఊసుపోని మాట కాదండి. 1960లో షేర్‌వుడ్ వాష్‌బర్న్ అనే మానవశాస్త్రవేత్త ఇదే చెప్పారు. నడకకు ఇరుకు కటి కావాలి, కాన్పుకు వెడల్పు కావాలి. అందుకే మెదడు పూర్తిగా ఎదగకముందే బిడ్డ బయటికొస్తుందన్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఆపరేషన్ కాన్పులు 42.4 శాతం. ఎముకను కాదంటే ఎలా?

అమలాపురం సిస్టర్:
లేబర్ రూమ్‌లో పనిచేస్తానండి. అదే సర్వేలో దేశం మొత్తానికి 21.5 శాతమే. మరి మన ఆడవాళ్ల ఎముకలే అంత ఇరుకా? ఆ తేడా ఆసుపత్రుల్లో ఉంది, ఒంట్లో కాదు.

2012లో హోలీ డన్స్‌వర్త్ అనే మానవశాస్త్రవేత్త బృందం ఆ వాష్‌బర్న్ వాదనకే ఎదురు చెప్పింది. తొమ్మిది నెలలు దాటితే కడుపులో బిడ్డకు సరిపడా శక్తి తల్లి ఒళ్లు ఇవ్వలేదు, నొప్పులు మొదలయ్యేది అందుకని వాళ్ల మాట. నాకిదే సబబనిపిస్తుంది.

బిడ్డ తల సాధారణంగా పక్కకు తిరిగి కటిలోకి దిగుతుంది, మధ్యలో మెలి తిరిగి, తల్లి వీపువైపు చూస్తూ బయటికొస్తుంది. మెడకు బొడ్డుపేగు చుట్టుకుంటే తల్లికి కనపడదు, తనే పైకి లాక్కుంటే బిడ్డ మెడ వెనక్కి వంగి దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే మనిషి కాన్పుకు ఇంకో మనిషి చెయ్యి కావాల్సి వచ్చింది. మీ అమ్మమ్మకు మంత్రసాని ఆ చెయ్యే.

భీమవరం:
మా చెల్లికి తల దిగక, రాత్రంతా నరకం చూశాక ఆపరేషనే ఇద్దరినీ బతికించింది. అది ఇరుకు కాక ఏమిటండీ?

అమలాపురం సిస్టర్:
ఇరుకు లేదనలేదండి. పెరిగే వయసులో తిండి చాలక పొట్టిగా మిగిలిన తల్లులకు ఆ ఇబ్బంది ఎక్కువ. తల్లికి షుగరుంటే బిడ్డ లావెక్కవచ్చు. పాతకాలమే మేలనీ అనను, రేవులో పడవ దొరక్క పోయిన ప్రాణాలున్నాయి. కానీ నొప్పులు రాకముందే అందరికీ ఎముక పేరు చెప్పడం నాకు మింగుడుపడదు.

రాజోలు అమ్మా, షుగర్ పరీక్ష చేయించుకున్నారా? ఆ రోజు పక్కన ఎవరుంటారో ఇప్పుడే ఖాయం చేసుకోండి.