రాత్రి కాగిన హీటరు సాయంత్రానికే ఎందుకు చల్లారుతోంది?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
ఇంగ్లండులోని లీడ్స్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి గదిలో గోడకు ఆనించి ఒక స్టోరేజ్ హీటరు ఉన్నది. తెల్లవారేసరికి గది ఉక్కపోస్తుందనీ, కాలేజీ నుంచి వచ్చేసరికి మాత్రం అది చల్లటి ఇనుప పెట్టెలా ఉంటుందనీ చెబుతోంది. లోపం యంత్రానిదా, వాడకానిదా?

జవాబు:
చాలావరకు వాడకానిదే, అన్నగారూ. ఆ పెట్టెలోని బరువైన ఇటుకలు ఎకానమీ 7 వంటి టారిఫ్‌లో రాత్రి 7 గంటలపాటు చౌకగా దొరికే కరెంటుతో కాగి, మన పెద్దలు కుంపట్లో నిప్పు మీద బూడిద కప్పి దాచినట్టే, ఆ వేడిని పగలంతా మెల్లగా వదులుతాయి. ఎంత వేడి నింపాలో ఇన్‌పుట్ నాబ్, ఎంత వదలాలో అవుట్‌పుట్ నాబ్ నిర్ణయిస్తాయి. పడుకునే ముందు అవుట్‌పుట్‌ను కనిష్ఠానికి తిప్పి, సాయంత్రం గదికి వచ్చాక పెంచమనండి. దాని మీద తడి బట్టలు ఆరేయవద్దని గట్టిగా చెప్పండి, నిప్పంటుకోవచ్చు.

జవాబు (ఆదిలాబాద్ నుంచి):
ఇక్కడి చలికి అలాంటిదే తెప్పించుకుందామని నేనూ లెక్కవేశాను. 2 కిలోవాట్ల హీటరు 7 గంటలు నడిస్తే 14 యూనిట్లు. మా ఇంటి బిల్లులో రాత్రి కరెంటుకు వేరే ధర లేదు, పైగా శ్లాబు మారుతుంది. రగ్గే మేలనిపించింది.

ప్రశ్న అడిగినవారు:
అమ్మాయి వీడియో కాల్‌లో చూపించింది. అవుట్‌పుట్ నాబ్ రాత్రింబగళ్లు 6 మీదనే ఉండిపోయిందట.