రాంగ్లర్ స్పోర్ట్‌లో ముందు స్వే బార్ విడదీసి రాళ్ల దారిలో నడపడం గురించి

ప్రశ్న (డెన్వర్, కొలరాడో)

అందరికీ నమస్కారం. నా దగ్గర నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ స్పోర్ట్, జేఎల్ తరం బండి ఉంది. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, టైర్లు అన్నీ కంపెనీవే. ఈ వసంతంలో మిత్రులతో కలిసి యూటాలోని మోయాబ్‌కు వెళ్లి, శాండ్ ఫ్లాట్స్‌లోని ఫిన్స్ అండ్ థింగ్స్ దారిలో నడపాలని అనుకుంటున్నాం. తోడు వస్తున్నవాళ్లవి రూబికాన్ బండ్లు (రాంగ్లర్‌లోనే కఠినమైన దారుల కోసం చేసిన రకం) కాబట్టి వాళ్లు ఒక మీట నొక్కితే ముందు స్వే బార్, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ, విడిపోతుంది. నా బండిలో ఆ ఏర్పాటు లేదు.

ఇటీవల మా దగ్గరి కొండదారిలో ముందు ఎడమ చక్రం బండరాయి మీదికి ఎక్కగానే ముందు కుడి చక్రం నేలను వదిలి గాలిలో తిరగసాగింది. బ్రేకు కరకరమంటూ ఆ చక్రాన్ని పట్టుకున్నాక గానీ బండి ముందుకు కదలలేదు. నా సందేహాలు ఇవి: కంపెనీ షాకులతోనే ఉన్న బండిలో స్వే బార్ విడదీస్తే నిజంగా ప్రయోజనం ఉంటుందా? బార్‌ను యాక్సిల్‌కు కలిపే లింకును ఒక వైపు మాత్రమే ఊడదీస్తే సరిపోతుందని కొందరు అంటున్నారు, అది సరైన పద్ధతేనా? వెనుక బార్‌ను కూడా విడదీయాలా? ఊళ్లోనే విడదీసుకుని, దారి మొదలయ్యే చోటు వరకు నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లవచ్చా?

జవాబు (ఫీనిక్స్, అరిజోనా)

మీ బండిలో ఆ చక్రాన్ని నేల నుంచి లేపింది స్వే బారే. అది యు ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ. మధ్య భాగాన్ని రబ్బరు బుషింగులతో ఛాసిస్‌కు బిగిస్తారు, రెండు కొసలూ చెరొక లింకుతో యాక్సిల్‌కు కలిసి ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కడ్డీ బుషింగుల్లో తిరుగుతుందే తప్ప దేనినీ అడ్డుకోదు. ఒక చక్రం పైకీ రెండోది కిందికీ పోవలసి వచ్చినప్పుడు మాత్రం తడిబట్టను పిండినట్టు మెలిపడి, ఆ తేడాను తగ్గించడానికి ఎదురు తిరుగుతుంది. హైవే మలుపులో బండి ఒరిగిపోకుండా ఆపేదీ, రాళ్లలో పైకెక్కిన చక్రంతోపాటు రెండో చక్రాన్ని కూడా లేపేదీ ఈ ఒక్క గుణమే. కడ్డీ లావు కొంచెం మారినా దాని బిగువు చాలా మారుతుంది: వ్యాసం 10 శాతం పెరిగితే మెలికను ఎదుర్కొనే శక్తి సుమారు 46 శాతం పెరుగుతుంది. బయట దొరికే లావుపాటి బార్లు వేయించుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కంపెనీ షాకులతోనైనా ప్రయోజనం తప్పకుండా ఉంటుంది. బార్ కలిపి ఉన్నంతవరకు చక్రం షాక్ అనుమతించే లోతుకు కూడా దిగదు. విడదీశాక ఆ మిగిలిన దూరం మీకు దక్కుతుంది. ఆపైన చక్రాన్ని ఆపేది షాక్ పొడవే. అది కూడా చాలదనుకుని పొడవైన షాకులు వేయించుకుంటే బ్రేక్ గొట్టాలు, ఏబీఎస్ తీగలు లాగుకుపోతున్నాయా, స్ప్రింగు తన గూట్లోంచి జారుతోందా, టైరు ఫెండర్‌కు తగులుతోందా అన్నవన్నీ మళ్లీ పరీక్షించవలసి వస్తుంది. మీ ప్రయాణానికి అదంతా అనవసరం.

ఒక వైపు లింకు ఊడదీస్తే బార్ పని ఆగిపోయే మాట నిజమే, ఎందుకంటే ఒక కొసకు పట్టు లేనప్పుడు కడ్డీ మెలిపడే అవకాశమే లేదు. అయినా నేను ఆ పద్ధతిని సమర్థించను. కలిపి ఉన్న వైపు చక్రం పైకీ కిందికీ పోయినప్పుడల్లా ఊడదీసిన వైపు కొస కూడా ఊగుతూ ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి ఉన్న సమయంలో ఆ కొస టైరు లోపలి గోడకో బ్రేక్ గొట్టానికో తగిలిందంటే, ఊరికి దూరంగా రాళ్ల మధ్య బండి నిలిచిపోతుంది. రెండు లింకులూ తీసి, బార్ కొసలను పైకి తిప్పి, గట్టి పట్టీతో ఛాసిస్‌కు కట్టివేయండి. ఆ తర్వాత స్టీరింగును ఒక చివరి నుంచి మరో చివరి వరకు తిప్పుతూ, ఎక్కడా ఏదీ తగలడం లేదని కిందికి వంగి కళ్లారా చూసుకోండి.

వెనుక బార్‌ను ముట్టుకోకండి. రూబికాన్‌లో కూడా కంపెనీవాళ్లు విడదీసే ఏర్పాటు ముందు బార్‌కే పెట్టారు. ముందు యాక్సిల్ స్వేచ్ఛగా కదులుతున్నప్పుడు బండి మొత్తం ఊగిసలాడకుండా పట్టి ఉంచేది వెనుక బారే.

ఇక ఊళ్లోనే విడదీసుకుని వెళ్లడం మాత్రం వద్దు. ఎవరైనా హఠాత్తుగా అడ్డం వస్తే మీరు స్టీరింగు తిప్పుతారు. అప్పుడు బండి మీరు అలవాటుపడిన దానికంటే చాలా ఎక్కువగా, చాలా త్వరగా ఒరుగుతుంది. తారురోడ్డు వదిలాక, దారి మొదట్లో టైర్లలో గాలి తగ్గించుకోవడానికి ఆగుతారు కదా, ఆ పని అక్కడే చేసుకోండి.

జవాబు (సాల్ట్ లేక్ సిటీ, యూటా)

పైవారు చెప్పిన వాటితో ఏకీభవిస్తూనే, ఏది ముందు చేయాలన్న విషయంలో నా అభిప్రాయం కొంత వేరు. కంపెనీ స్థితిలో ఉన్న స్పోర్ట్‌లో మొదట చేయవలసింది టైర్ల గాలి తగ్గించడం. 18 నుంచి 20 పీఎస్ఐకి దించితే మోయాబ్ ఇసుకరాతి బండలను టైరు పట్టుకునే తీరే మారిపోతుంది, పైగా దానికి ఖర్చేమీ లేదు. స్వే బార్ సంగతి ఆ తర్వాతే చూడాలి.

అయితే ఒక సంగతిని చాలామంది పట్టించుకోరు. రూబికాన్‌కు ముందూ వెనుకా లాకర్లు (ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) ఉన్నాయి కాబట్టి ఒక చక్రం గాలిలో ఉన్నా రెండో చక్రం బండిని లాక్కుపోతుంది. స్పోర్ట్‌లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మామూలు డిఫరెన్షియళ్లు ఉంటాయి, తిరిగిపోతున్న చక్రాన్ని బ్రేకు పట్టుకున్నాకే రెండో వైపుకు బలం అందుతుంది. అంటే చక్రాలు నాలుగూ నేల మీద నిలవవలసిన అవసరం మీ మిత్రుల బండ్లకంటే మీ బండికే ఎక్కువ. కాబట్టి మీరు స్వే బార్ విడదీయడం ఆడంబరం అనుకోవద్దు.

పక్కకు వాలి ఉన్న బండల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. అలాంటి చోట ఒకే వైపు చక్రాలు రెండూ పల్లంలో ఉంటాయి, బండి బరువంతా ఆ వైపు స్ప్రింగుల మీద పడుతుంది, బార్ లేకపోతే బండి పైభాగం పల్లం వైపుకు ఇంకా ఒరుగుతుంది. గోతులూ గుట్టలూ ఎడమకొకటి కుడికొకటిగా వచ్చే చోట విడదీసి ఉంచడం మేలు. పొడవైన పక్కవాలును అడ్డంగా దాటవలసి ఉంటే కలుపుకునే దాటాలి. ఇసుక దిబ్బల్లో వేగంగా పోవడానికి కూడా ఇదే నియమం.

జవాబు (డాలస్, టెక్సస్)

నాది రూబికాన్. మీట నొక్కితే విడిపోయే ఈ ఏర్పాటు రాంగ్లర్‌లో 2007 నాటి జేకే తరంతో మొదలైంది. నాలుగు చక్రాలకూ బలం అందించే ఫోర్ హై లేదా ఫోర్ లో గేరులో ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. వేగం గంటకు 18 మైళ్లు, అంటే 29 కిలోమీటర్లు దాటితే బార్ తిరిగి కలుసుకోవడానికి తనంతట తానే ప్రయత్నిస్తుంది, మళ్లీ 14 మైళ్లకు తగ్గితే విడిపోతుంది. మీరు చేత్తో విడదీసినప్పుడు ఆ కాపలా ఉండదు, కాబట్టి ఆ 18 మైళ్ల హద్దును మీరే పాటించాలని నా విన్నపం. డ్యాష్‌బోర్డు మీద కనబడేలా ఒక కాగితం అంటించుకున్నా మంచిదే, ఎందుకంటే అలసిపోయి సాయంత్రం హైవే ఎక్కేటప్పుడు మనిషికి మరుపు సహజం.

జవాబు (హైదరాబాద్)

ఇక్కడి మిత్రులు కూడా ఇది చదివి తమ బండ్లకు ప్రయత్నించవచ్చు కాబట్టి ఒక మాట చేర్చుతున్నాను. ఇంత లాభం రావడానికి కారణం రాంగ్లర్ ముందు యాక్సిల్ ఒకే దూలంగా ఉండడం; ఒక కొస పైకి లేస్తే రెండో కొస సహజంగానే కిందికి వాలుతుంది. మారుతి జిమ్నీకి కూడా ముందు అలాంటి యాక్సిలే ఉంది కాబట్టి ఈ చర్చ దానికి చాలావరకు వర్తిస్తుంది. 2020లో వచ్చిన థార్‌కు ముందు చక్రాలు విడివిడిగా, డబుల్ విష్‌బోన్‌లు అనే జంట చేతుల మీద కదులుతాయి. అక్కడ చక్రం ఎంత దిగాలన్నది ఆ చేతుల పొడవూ డ్రైవ్‌షాఫ్టు కోణమూ ముందే నిర్ణయించి ఉంటాయి, అందువల్ల బార్ తీసినా వచ్చేది తక్కువ. రోడ్డు మీది స్థిరత్వాన్ని పణంగా పెట్టేంత లాభం అందులో నాకు కనిపించలేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కంపెనీ లింకుల స్థానంలో పిన్నుతో ఊడివచ్చే క్విక్ డిస్‌కనెక్ట్ లింకులు వేయించుకోవాలని నిర్ణయించుకున్నాను. తిరిగి కలిపేటప్పుడు రంధ్రాలు ఎదురెదురుగా రాకపోతే ఏం చేయాలో ఫీనిక్స్ వారు దయచేసి వివరిస్తారా?

జవాబు (ఫీనిక్స్, అరిజోనా)

తప్పకుండా. ముందుగా చదునైన నేల వెతుక్కోండి. కలపడం కష్టమైన సందర్భాల్లో ఎక్కువభాగం బండి ఒక పక్కకు వాలి ఉండడం వల్ల వచ్చినవే. చక్రాలు నేరుగా పెట్టి, ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, బార్‌ను కిందికి దించి మొదట ఒక వైపు పిన్ను పెట్టండి. రెండో వైపు రంధ్రం కొద్దిగా ఎడంగా ఉంటే మీ మిత్రుణ్ని ఆ వైపు ఫెండర్ పైభాగం మీద బరువు వేసి మెల్లగా ఊపమనండి. బండి పైకీ కిందికీ ఆడుతున్నప్పుడు లింకు ఒక క్షణం సరిగ్గా ఎదురుగా వస్తుంది, అప్పుడు పిన్ను చేతి ఒత్తిడితోనే లోపలికి పోతుంది. సుత్తితో కొట్టవలసి వచ్చిందంటే బండి చదునుగా లేదని అర్థం. కొన్ని అడుగులు జరిపి మళ్లీ చూడండి.

మోయాబ్‌లోని సన్నటి ఎర్ర ఇసుక పిన్ను చుట్టూ చేరి దాన్ని పట్టేస్తుంది కాబట్టి ప్రతిసారీ గుడ్డతో తుడిచి కొంచెం గ్రీజు రాయండి. తాళపు క్లిప్ పూర్తిగా మూసుకుందో లేదో వేలితో తడిమి చూడండి, లింకును పట్టుకుని గట్టిగా లాగి చూడండి. పోగొట్టుకోవడం తేలిక కాబట్టి రెండు క్లిప్పులు అదనంగా గ్లవ్ బాక్సులో ఉంచుకోండి. బయలుదేరాక మొదటి వంద గజాలు కిటికీ దించి నడపండి. ముందు వైపు నుంచి లోహం తగిలే టకటక చప్పుడు వినబడితే హైవే ఎక్కకుండా ఆగి రెండు లింకులూ మళ్లీ పరీక్షించండి.