పోలీసు ఛేజ్‌లో దారిన పోయేవాళ్లకు దెబ్బ తగిలితే సిటీ మీద కేసు నిలుస్తుందా? (టెక్సాస్)

నల్లకోటు:
డాలస్, ఫ్రిస్కో తెలుగు గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. పోలీసులు తరుముతున్న కారు వచ్చి మన కారును గుద్దితే సిటీ మీద మిలియన్ డాలర్లకు కేసు వేసెయ్యాలట, వాళ్లే దిగొస్తారట. టెక్సాస్‌లో ఆ పప్పులు ఉడకవు. మిలియన్ మాట దేవుడెరుగు, సిటీ కట్టాల్సిన దానికి చట్టమే పరిమితి పెట్టింది: మనిషికి 250,000 డాలర్లు, మొత్తం ఘటనకు 500,000. కారులో అయిదుగురుంటే అయిదుగురూ ఆ 500,000లోనే సర్దుకోవాలి. తరిమింది కౌంటీ షెరిఫ్ ఆఫీసైతే ఇంకా తక్కువ: 100,000, 300,000.

అసలు అక్కడిదాకా వెళ్లడమే గగనం. టెక్సాస్ టార్ట్ క్లెయిమ్స్ చట్టం (ప్రభుత్వ సంస్థల మీద నష్టపరిహారం కేసు ఎప్పుడు వేయొచ్చో చెప్పేది) కింద సిటీని కోర్టుకు లాగాలంటే దెబ్బ సిటీ ఉద్యోగి బండి వాడిన తీరు వల్ల తగిలి ఉండాలి. మిమ్మల్ని గుద్దింది పారిపోతున్నవాడి బండి. ఆ గోడ దాటినా 101.055 సెక్షన్‌లోని ఎమర్జెన్సీ మినహాయింపు ఎదురవుతుంది. ఛేజ్ అంటే ఎమర్జెన్సీయే కాబట్టి, పోలీసు తెగింపుగా, ఎవరేమైపోతే నాకేం అన్నట్టు నడిపాడని చూపించాలి. మామూలు అజాగ్రత్త సరిపోదు. 2022లో శాన్ ఆంటోనియో నగరం కేసులో పారిపోతున్నవాడి బండి గుద్ది ఇద్దరు పిల్లలు చనిపోయారు. అయినా టెక్సాస్ సుప్రీంకోర్టు సిటీకి ఇమ్యూనిటీ, అంటే దావా నుంచి రక్షణ, ఉందంది, కేసు అక్కడితో సరి. అంతకన్నా దారుణమైన కేసు ఎక్కణ్నించి తెస్తారు?

తరాజు:
కష్టమంటే ఒప్పుకుంటా. అసాధ్యమంటే మాత్రం ఒప్పుకోను. రెడ్ లైట్ దాటడానికి, స్పీడ్ లిమిట్ మించడానికి పోలీసుకు వెసులుబాటిచ్చిన ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 546వ అధ్యాయమే దానికి ముక్కుతాడు కూడా వేసింది. రెడ్ లైట్ దగ్గర అవసరమైనంత నెమ్మదించాకే దాటాలి. ఇతరుల ప్రాణం మీదికి తెచ్చేటట్టయితే స్పీడ్ మించకూడదు. తెగింపుగా నడిపితే తప్పు తప్పేనని 546.005 చెబుతోంది.

కాబట్టి ముందు చూడాల్సింది చట్టం కాదు, వీడియో. సైరన్ వేశాడా? సూపర్‌వైజర్ రేడియోలో ఆపేయమన్నాక కూడా తరిమాడా? తరిమింది తుపాకీ దోపిడీ కోసమా, గడువు తీరిన నంబర్ ప్లేటు కోసమా? పోలీసు కారే ఎదురు లేన్‌లోకి దిగిందా? ఇవి తేలకముందే కేసు లేదని చేతులు దులుపుకోవడం పొరపాటు.

పైగా ఈ ఆధారాలకు ఆయుష్షు తక్కువ. బాడీ కెమెరా వీడియోను టెక్సాస్ చట్టం కనీసం 90 రోజులే ఉంచమంటుంది. అందుకే మొదటి వారంలోనే సిటీ అటార్నీకి, పోలీసు శాఖకు, సిటీ సెక్రటరీకి సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పెట్టాలి: డాష్ కెమెరా, బాడీ కెమెరా, రేడియో ఆడియో, డిస్పాచ్ లాగ్, పెట్రోల్ కార్ల జీపీఎస్ రికార్డు చెరిపేయొద్దని. డిస్పాచ్ లాగ్‌లోని టైమునూ రేడియో ఆడియోనూ పక్కపక్కన పెడితే ‘ఆపేయండి’ అన్న క్షణానికీ గుద్దిన క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లో తేలిపోతుంది. ఒక్కోసారి కేసంతా ఆ సెకన్లలోనే ఉంటుంది.

నల్లకోటు:
ఆపమన్నా ఆపలేదంటే అది డిపార్ట్‌మెంట్ పాలసీ ఉల్లంఘన. పాలసీ తప్పినంత మాత్రాన చట్టం దృష్టిలో తెగింపు అయిపోదు. 2024 చివర్లో వచ్చిన ఆస్టిన్ నగరం తీర్పు చూడండి. అక్కడ పౌరుడి మినీవ్యాన్‌కు తగిలింది సాక్షాత్తూ పోలీసు కారే. ఛేజ్‌లో ముందున్న పెట్రోల్ కారును వెనకున్న పోలీసు గుద్ది, అక్కణ్నించి వ్యాన్ మీదికి వెళ్లాడు. అయినా అది అజాగ్రత్తే తప్ప తెగింపు కాదని కోర్టు కొట్టేసింది.

ఇంకో సంగతి. సిటీ ముందుగానే మాకు ఇమ్యూనిటీ ఉందని పిటిషన్ వేస్తుంది. జడ్జి కాదన్నా వెంటనే అప్పీలుకు వెళ్తుంది, అది తేలేదాకా ట్రయల్ ఆగిపోతుంది. ఏళ్లు పడుతుంది. గెలిస్తేనే ఫీజు తీసుకునే లాయర్లు 250,000 పరిమితి చూసి, ఈ అప్పీళ్ల ఖర్చు చూసి, ఫోన్‌లోనే సారీ అనేస్తారు.

పెద్దకాపు:
ఫెడరల్ కోర్టుకు వెళ్తే పరిమితి ఉండదు కదా? 1983 నంబరు సెక్షన్, అదే పౌరహక్కుల దావా?

తరాజు:
ఉండదు నిజమే, కానీ ఆ తలుపు ఇంకా ఇరుకు. 1998లో సాక్రమెంటో కౌంటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏమందంటే, ఛేజ్‌లో పోలీసుకు హాని చేయాలన్న ఉద్దేశమే ఉంటే తప్ప రాజ్యాంగ ఉల్లంఘన కాదు అని. తెగింపుగా నడపడం కూడా అక్కడ చాలదు. ఈ ఒక్క విషయంలో నల్లకోటు గారితో ఏకీభవిస్తున్నా.

క్లెయిమ్స్ శాస్త్రి:
మీరిద్దరూ సిటీ చుట్టూనే తిరుగుతున్నారు. డబ్బు వచ్చేది చాలాసార్లు సొంత పాలసీ నుంచే.

పారిపోయేవాడి బండి దొంగది అనుకోండి. ఓనర్ ఇన్సూరెన్సు దొంగ చేసినదానికి కట్టదు, ఎందుకంటే ఓనర్ అనుమతితో నడిపినవాడు కాదు. ఒకవేళ బండి వాడిదే అయినా టెక్సాస్ కనీస లయబిలిటీ (అవతలివాళ్ల నష్టానికి కట్టే ఇన్సూరెన్సు) మనిషికి 30,000, ప్రమాదానికి 60,000. ఒక తుంటి ఎముక సర్జరీకే అది ఆవిరైపోతుంది. అప్పుడు పనికొచ్చేది మీ పాలసీలోని అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ (యూఎం) కవరేజీ: అవతలివాడికి ఇన్సూరెన్సు లేకపోయినా, చాలకపోయినా మీ కంపెనీ కట్టేది. నడుచుకుంటూ వెళ్తుండగా గుద్దినా వర్తిస్తుంది. కారు రిపేరుకైతే మామూలుగా 250 డాలర్ల డిడక్టిబుల్, అంటే మీ జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా, ఉంటుంది.

చిక్కెక్కడంటే, టెక్సాస్‌లో ఈ కవరేజీనీ, పీఐపీనీ (మీకు తగిలిన దెబ్బల ఖర్చుకు ఇచ్చే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్) కంపెనీ ఇవ్వజూపాలి, వద్దంటే రాతపూర్వకంగా వద్దనాలి. కొత్తగా వచ్చినవాళ్లు ప్రీమియం తగ్గుతుందని ఆన్‌లైన్‌లో ఆ ‘వద్దు’ మీద సంతకం పెట్టేస్తారు. దెబ్బ తగిలాక కంపెనీ మీకు లేదంటే ఆ సంతకం కాగితం చూపించమనండి. కాగితం లేకపోతే కవరేజీ ఉన్నట్టే లెక్క. పీఐపీ కనీసం 2,500 డాలర్లు, తప్పెవరిదైనా ఇస్తారు.

ఇక అమ్మానాన్నలు. ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చినవాళ్లు మీ కారులో కూర్చుని ఉంటే మీ పాలసీ కింద వస్తారు. సాయంత్రం వాకింగ్‌కు వెళ్లినప్పుడు గుద్దితేనే గొడవ. ‘ఇంట్లో నివసించే కుటుంబ సభ్యుడు’ అన్న నిర్వచనంలోకి విజిటర్ రాడని కంపెనీ వాదిస్తుంది. విజిటర్ ఇన్సూరెన్సు పాలసీ తీసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, 50,000 డాలర్ల చవక ప్లాన్ ఐసీయూలో ఎక్కువ రోజులు ఆగదు. వీసా ఏదైనా క్లెయిమ్ వేసే హక్కు పోదు, అది వేరే మాట.

ఇంకో ముల్లు. సొంత కంపెనీ కదా అని వెంటనే ఇచ్చేయదు. కోర్టులో అవతలివాడి తప్పూ, నష్టం అంకే తేలేదాకా యూఎం సొమ్ము కట్టాల్సిన బాధ్యత లేదని 2006లోనే టెక్సాస్ సుప్రీంకోర్టు చెప్పింది.

కృష్ణలంక:
పోలిక కోసం మనవైపు సంగతి. విజయవాడలో పోలీసు జీపు గుద్దితే మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేస్తారు. పైన చెప్పిన పరిమితి లేదు, మీరుండే ఊళ్లోనే వేయొచ్చు. ప్రభుత్వ బండికి ఇన్సూరెన్సు తప్పనిసరి కాదు, కాబట్టి చాలాసార్లు రాష్ట్రమే నేరుగా ప్రతివాది. సర్కారు జీపు డ్రైవర్ తప్పుకు రాష్ట్రం బాధ్యత వహించాలని 1962లోనే రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సార్వభౌమాధికారం ఉంది కాబట్టి రాష్ట్రం మీద దావా కుదరదన్న వాదనను 1994లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన నాగేంద్రరావు కేసు ఇంకా కుదించింది.

మీ నల్లకోటు గారు చెప్పిన ‘బండి వాడకం వల్ల’ అన్న మాటే మన చట్టంలోనూ ఉంది. కానీ 1991లో బోల్తా పడ్డ పెట్రోల్ ట్యాంకర్ గంటల తర్వాత పేలితే అది కూడా వాడకం వల్లే అన్నారు మన జడ్జీలు. అవే మాటలు, అర్థం మాత్రం ఎక్కడికో పోయింది. కాకపోతే అవార్డు, అంటే పరిహారం ఇవ్వమన్న తీర్పు, రావడం ఒకటి, ట్రెజరీ నుంచి చెక్కు రావడం ఇంకొకటి. క్లెయిమ్ ఆరు నెలల్లోపే వేసుకోండి.

సన్నీవేల్:
కాలిఫోర్నియా వాళ్లు టెక్సాస్ లెక్కలు పట్టుకోకండి. ఇక్కడ పై పరిమితి లేదు, కానీ వెహికిల్ కోడ్ 17004.7 ఉంది. పోలీసు శాఖ ఛేజ్ పాలసీ రాసుకుని, క్రమం తప్పకుండా ట్రైనింగ్ ఇచ్చి, ఆఫీసర్లతో చదివామని సంతకాలు తీసుకుంటే పారిపోయేవాడు గుద్దినదానికి ఇమ్యూనిటీ. ఆ రోజు ఆఫీసర్ పాలసీ పాటించాడా లేదా అన్నది లెక్కలోకే రాదు! గార్డెనా నగరం కేసులో 2018లో ఇంకో మెట్టు దిగారు: ప్రతి ఒక్క ఆఫీసర్ సంతకమూ ఉండక్కర్లేదన్నారు. కాబట్టి లాయర్ మొదట అడిగేది ట్రైనింగ్ రికార్డులే. ప్రభుత్వ క్లెయిమ్ ఆరు నెలల్లో పెట్టాలి. దాన్ని తేల్చడానికి సిటీకి 45 రోజుల గడువు. రాతపూర్వకంగా తిరస్కరిస్తే ఆ నోటీసు నుంచి ఆరు నెలల్లో దావా.

నల్లకోటు:
శాస్త్రి గారు చెప్పింది నా మాటే. యూఎం క్లెయిమ్ చేసుకుని సిటీని వదిలేయండి.

తరాజు:
వదిలేయాలా వద్దా అన్నది వీడియో చూశాక తేల్చుకోవచ్చు. నోటీసు మాత్రం వదలకండి. టెక్సాస్‌లో ఆరు నెలల్లోపు సిటీకి చేరాలి. సిటీ చార్టర్ ఆ గడువును ఇంకా తగ్గించొచ్చు, హ్యూస్టన్‌లో 90 రోజులే. అందులో మూడే ఉండాలి: ఏం దెబ్బ, ఎప్పుడు ఎక్కడ, ఏం జరిగింది. పోలీసులే యాక్సిడెంట్ రిపోర్టు రాశారు కదా, వాళ్లకు తెలియదా అనుకుని ఊరుకున్నవాళ్ల కేసులు పోయాయి. ప్రమాదం జరిగిందని తెలిస్తే చాలదు, అందులో తమ తప్పుందని సిటీకి తెలిసి ఉండాలంటుంది కోర్టు. ఆ రిపోర్టు, అంటే సీఆర్-3, టెక్స్‌డాట్ (రాష్ట్ర రవాణా శాఖ) సైట్‌లో ఆరు డాలర్లకు దొరుకుతుంది. ‘పారిపోతున్న వాహనం’ అన్న మాట అందులో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే శాస్త్రి గారు చెప్పిన ఇన్సూరెన్సు కంపెనీ కూడా మెలికలు పెడుతుంది.

దావాకు రెండేళ్లు ఉంటుంది. వేసేటప్పుడు కోపంకొద్దీ ఆఫీసర్ పేరు కూడా ఇరికించకండి. ఎవరో ఒకర్నే ఎంచుకోమంటుంది టార్ట్ క్లెయిమ్స్ చట్టంలోని 101.106 సెక్షన్. ఇద్దరి మీదా వేస్తే సిటీ ఒక్క మోషన్‌తో ఆఫీసర్‌ను బయటికి తీసుకుపోతుంది. ఆఫీసర్ ఒక్కడి మీదే వేస్తే సిటీ మీద దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది.

నల్లకోటు:
నోటీసు సరే. స్టాంపు ఖర్చే కదా.