బాయిలర్ కోళ్లు బాధపడుతున్నాయో లేదో మనమే ఎలా చూసుకోవాలి?

ప్రశ్న (ఆగిరిపల్లి, విజయవాడ దగ్గర)

అందరికీ నమస్కారం. మాది బాయిలర్ షెడ్డు, ఇంటిగ్రేషన్ మీద పెంచుతాం. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ మావి. సూపర్‌వైజర్ వచ్చి ఎన్ని చచ్చాయి, ఎంత తిన్నాయి, ఎంత బరువొచ్చాయి అని రాసుకుని వెళ్తారు. ఆ లెక్కల్లో మా బ్యాచ్ బాగానే ఉంది. కానీ నెల దాటాక కొన్ని కోళ్లు నాలుగడుగులు వేసి కూలబడుతున్నాయి. మేత దగ్గరికి ఎలాగో చేరి కూర్చునే తింటున్నాయి. చావవు కాబట్టి ఏ కాగితంలోకీ ఎక్కవు. అడిగితే "బాయిలర్ అంతేకదమ్మా" అన్నారు. పొద్దున్నుంచీ వాటి మధ్య తిరిగేదాన్ని, నాకు చూస్తుంటే మనసు ఒప్పడం లేదు. వాటికి నిజంగా నొప్పి ఉంటుందా? చూసి తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు (పశువైద్యుడు, గుంటూరు)

ఉంటుందమ్మా. బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్లు 2000లో కుంటి కోళ్ల ముందు మామూలు మేత, నొప్పి మందు కలిపిన మేత రెండూ పెట్టారు. కుంటుడు ఎక్కువున్న కోళ్లు మందు మేతే ఎక్కువ తిన్నాయి. నొప్పి లేకపోతే ఆ తేడా ఎందుకొస్తుంది?

నడకకు 0 నుంచి 5 దాకా మార్కులేసే పద్ధతి 1992 నుంచీ ఉంది. 0 అంటే చక్కటి నడక, 5 అంటే అసలు నడవలేదు. కుంటడం స్పష్టంగా తెలుస్తూ, అదిలిస్తే కాస్త నడిచి మళ్లీ కూర్చుంటే 3. మీరు రాసినవి ఆ కోవలోవే. 3, ఆపైన ఉన్నవి ఎన్నో ప్రతి బ్యాచ్‌లో రాసి పెట్టుకోండి. గుమ్మం దగ్గరవే చూడకండి, నీరసంగా ఉన్నవి గోడ వారకు చేరతాయి. మేత, నీళ్ల దాకా వెళ్లలేని కోడిని మాత్రం అలా వదిలేయకూడదు, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.

కొన్నిటిని పట్టుకుని పాదం తుడిచి అడుగుభాగం చూడండి. నల్లగా పెచ్చు కట్టి ఉంటే అది షెడ్డు నేల మీద పరిచిన ఊక తడిగా ఉండడం వల్ల వచ్చిన పుండు. తర్వాత షెడ్డులో కోడి ఎత్తుకు కిందికి కూర్చోండి. కళ్లు మండితే అమోనియా ఎక్కువైనట్టే. నిలబడితే మనకు అంత తెలియదు, పైగా రోజూ తిరిగేవాళ్ల ముక్కు దానికి అలవాటు పడిపోతుంది.

జవాబు (కోళ్ల రైతు, తెనాలి)

అక్కా, ముందు నిపుల్ లైను (కోళ్లు నీళ్లు తాగే పైపు) కింద చూడండి. పిడికెడు ఊక తీసి గట్టిగా నొక్కి వదలండి. ముద్దలా నిలిచిపోతే తడి ఎక్కువ, పొడిగా విడిపోతే పర్లేదు. లైను కిందికి ఉంటే కోళ్లు ముక్కుతో తగిలించి నీళ్లు కారుస్తాయి. కోడి మెడ పైకి చాచి తాగాలి, పాదాలు మాత్రం నేలకు ఆనే ఉండాలి. పిల్లలు ఎదిగేకొద్దీ లైను ఎత్తుతూ ఉండాల్సిందే. గట్టిపడ్డ ఊక తీసేసి పొడి ఊక వేసి, రోజూ తిరగేయండి. ఫాగర్లు (నీటి తుంపర చల్లేవి) మే నెల పొడి ఎండకి బాగా పనిచేస్తాయి కానీ సెప్టెంబరు ఉక్కలో వేస్తే ఊక తడవడం తప్ప చల్లదనం రాదు.

ప్రశ్న అడిగినవారు

డాక్టర్ గారూ, చూశాను. నిపుల్ లైను పక్కనున్న వాటికి పాదం మధ్యలో శనగగింజంత నల్లటి పుండు, చేత్తో తాకితే కాలు లాగేసుకుంటున్నాయి. అటు చివర పొడి ఊకలో ఉన్నవాటికి పాదం మెత్తగా శుభ్రంగా ఉంది. అంతా ఒకే బ్యాచ్, ఒకే మేత. ఇంకొకటి, లైట్లు రాత్రంతా వేసే ఉంచమంటారు, ఆపితే బరువు తగ్గుతుందని. అది నిజమేనా? చదరపు అడుగుకి ఒక కోడి వేయడం కూడా ఇరుకేనా?

జవాబు (పశువైద్యుడు, గుంటూరు)

కోడికి నిద్ర కావాలమ్మా. యూరప్ చట్టం ప్రకారం రోజుకి కనీసం 6 గంటల చీకటి ఉండాలి, అందులో 4 గంటలు ఏకధాటిగా. చీకటి ఇస్తే తొలి వారాల్లో పెరుగుదల కాస్త నెమ్మదిస్తుంది, కాళ్ల జబ్బులు, ఉన్నట్టుండి చావడం తగ్గుతాయి. ఎండాకాలం మాత్రం మధ్యాహ్నం మేత ఎత్తేస్తాం కాబట్టి తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు తిననివ్వాలి. రాత్రి 8 నుంచి 2 దాకా చీకటి ఇచ్చి తర్వాత లైట్లు వేయండి. సూపర్‌వైజర్‌కి ముందే చెప్పి చేయండి, తర్వాత గొడవ ఉండదు.

ఇరుకు సంగతి. 2.2 కిలోల కోడి చదరపు అడుగుకి ఒకటంటే చదరపు మీటరుకి దాదాపు 24 కిలోలు. యూరప్‌లో 33 దాకా ఒప్పుకుంటారు, అదనపు షరతుల మీద 42 దాకా. అది చూసి మనది నయం అనుకోకండి. అక్కడ 33 పైన పెంచాలంటే గాలి, వేడి అదుపులో ఉంచే ఏర్పాటు ఉండాలి. మన తెరిచిన షెడ్డులో 45 డిగ్రీల ఎండకి చెమట పట్టని ప్రాణి నోరు తెరిచి రొప్పడం తప్ప ఏం చేయగలదు? మార్చి తర్వాత వచ్చే బ్యాచ్‌కి పిల్లల్ని తగ్గించి వేయమని అడగండి.

కోళ్లను పట్టి బండికెక్కించే లిఫ్టింగ్ రాత్రి కూడా మీరు దగ్గరుండండి. ఒక్క కాలు పట్టి ఎత్తితే తుంటి కీలు జారుతుంది, కుంటికోళ్లకి అది ఇంకా నరకం. రెండు చేతులతో ఒళ్లు పట్టి ఎత్తమనండి. కూలీలకి కాస్త ఎక్కువ టైం పడుతుంది, దానికి ఇంకో మనిషిని పెట్టుకోవచ్చు.