నోట సరిగ్గా పలికిన మాట రాసేసరికి వత్తు జారిపోతోంది

మా బాబు మూడో తరగతి. తెలుగు గడగడా చదువుతాడు. డిక్టేషన్ చెప్తే మాత్రం ‘క్రీడలు’ ‘కీడలు’ అవుతుంది, ‘స్నేహం’ ‘సేహం’ అవుతుంది. ఏం రాశావో చదవమంటే మళ్ళీ ‘క్రీడలు’ అనే చదువుతాడు! వాక్యం చెప్తే నాలుగు మాటలయ్యాక ‘తర్వాతేంటమ్మా?’ అంటాడు. రాసేటప్పుడు గొణుగుతున్నాడని బళ్ళో కోప్పడ్డారట. ఏం చేయాలండీ?

ఇద్దరు పిల్లల నాన్న: తప్పు రాసిన మాట ఇరవైసార్లు రాయించండి. మా పెద్దాడికి అలాగే చేశాం.

రిటైర్డ్ తెలుగు పండితుడు: ఇరవైసార్లు వద్దమ్మా. రెండోసారి నుంచి పైవరుస చూసి దించేస్తాడు, జ్ఞాపకానికి పనే ఉండదు. ఒకసారి నోట్‌బుక్ తిరగేయండి. ‘ప్రజలు’, ‘అక్క’ సరిగ్గానే రాసి ఉంటాడని నా అనుమానం. ‘క్రీ’ అన్నప్పుడు చెవికి క, ర, ఈ వరుసగా వినిపిస్తాయి. చెయ్యి మాత్రం ముందు క రాసి, దానికి గుడి దీర్ఘం పెట్టి, ఆఖర్న క్రావడి, అంటే ర వత్తు, ఇస్తుంది. మధ్యలో విన్న ర అంతసేపూ మనసులో కాచుకుని ఉండాలి. పసివాడికి అది జారిపోతుంది. ‘ప్ర’లో తలకట్టే కాబట్టి మధ్యలో వేరే గుర్తు పెట్టే పని లేదు, వత్తు వెంటనే పడుతుంది. అందుకే మేం గుణింతం పాడించేవాళ్ళం: ‘క కు గుడి దీర్ఘమిస్తే కీ, కీకి ర వత్తిస్తే క్రీ’. చెయ్యి నడిచే వరుసలోనే నోరూ నడుస్తుంది. బట్టీ అని దాన్ని తీసిపారేశారు, నాకు ఇప్పటికీ బాధే.

స్పీచ్ థెరపిస్ట్: మాస్టారి మాట నిజం. 1974లో బ్యాడ్లీ, హిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘వర్కింగ్ మెమరీ’ని, అంటే పని చేస్తుండగా విషయాల్ని కాసేపు మనసులో పట్టి ఉంచే జ్ఞాపకాన్ని, వివరించారు. విన్న మాటల్ని లోలోపల మళ్ళీ మళ్ళీ అనుకుంటూ నిలుపుకుంటాం, లేదంటే రెండు క్షణాల్లో చెదిరిపోతాయి. మీవాడి గొణుగుడు ఆ పనే చేస్తోంది, దయచేసి ఆపకండి. వాక్యాన్ని మూడేసి మాటలుగా విడగొట్టి చెప్పండి, రాసేముందు వాడిచేత పైకి అనిపించండి. చెవులు, కళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి. కొన్ని నెలలైనా మార్పు లేకపోతే డిస్గ్రాఫియా (రాయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది) ఉందేమో నిపుణులకు చూపించాలి. అలాంటి పిల్లలకు 2016 వికలాంగుల హక్కుల చట్టం అండ ఉంది, భయపడకండి.

బాబు వాళ్ళమ్మ: మాస్టారూ, నోట్‌బుక్ చూసి ఒళ్ళు జలదరించింది. ‘ప్రజలు’, ‘అక్క’, ‘అన్నం’ అన్నీ కరెక్టు. ‘తప్పు’ దగ్గర ‘తపు’, ‘మెట్లు’ దగ్గర ‘మెటు’. తలకట్టున్న చోట వత్తు ఉంది, కొమ్మో గుడో ఏత్వమో వచ్చిన చోట లేదు! ‘రాష్ట్రం’ ఒక్కటే వేరు, అందులో రెండో వత్తు పోయింది. మూడు నెలలుగా ఎర్ర సున్నాలే చూశాను గానీ ఇది చూడలేదు. సాయంత్రం గుణింతం పాడుతూ రాయించాను. ‘స్త్రీ’ రెండు వత్తులతో రాశాడు, పెదాలు కదుపుతూనే. బళ్ళో టీచరుగారితో ఈ గొణుగుడు సంగతి ఎలా చెప్పమంటారు మాస్టారూ?

రిటైర్డ్ తెలుగు పండితుడు: ఆ నోట్‌బుక్కే పట్టుకెళ్ళి చూపించమ్మా. ఆ పేజీలు చూస్తే ఏ టీచరుకైనా అర్థమవుతుంది.